చివరి రోజుల గదిని మంచం దగ్గర నుంచి గీయండి

సంపాదకులకు,

తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాలు వచ్చాయి. అంతకుముందు సొంత భూమి లేనివాళ్లు చెరువు గట్టునో, వాగు ఒడ్డునో అంత్యక్రియలు చేసుకునేవారు. ఇప్పుడు దహన వేదిక ఉంది, స్నానాల గది ఉంది, నీళ్లున్నాయి. చనిపోయిన మనిషికి గౌరవంగా ఒక చోటు చూపించగలిగాం. కానీ ఇక వైద్యానికి లొంగదని తేలిన జబ్బుతో ఇంకో పది రోజులో, నెలో బతికి ఉండే మనిషి ఎక్కడ పడుకోవాలి? ఆ చోటు రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి ఇంకా లేదు. దాన్ని ఎలా కట్టాలో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాం.

జబ్బు తగ్గదని తెలిశాక నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, భయం తగ్గిస్తూ ఉన్నన్నాళ్లూ మనిషిని సుఖంగా ఉంచే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటున్నాం. అందుకోసమే కట్టిన ఇల్లు హాస్పిస్. వైద్యురాలు సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. మన దేశంలో మొదటిది 1986లో ముంబయిలో మొదలైన శాంతి ఆవేదన సదన్. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, స్పర్శ్ హాస్పిస్ ఏళ్లుగా ఈ పని చేస్తున్నాయి. జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమం 2012లోనే వచ్చింది, తెలంగాణలో జిల్లా ఆసుపత్రులకూ పాలియేటివ్ వార్డులు వస్తున్నాయి. సంతోషించదగిన మాటే. అయితే చాలాచోట్ల జరుగుతున్నదేమిటంటే, ఖాళీగా ఉన్న పాత వార్డుకు రంగు వేసి బోర్డు మారుస్తున్నారు. ఆపరేషన్ చేయించుకుని అయిదు రోజుల్లో లేచి నడిచి వెళ్లిపోయే మనిషి కోసం కట్టిన గది అది. మంచం దిగలేని మనిషికి అది పనికిరాదు.

ఇంటి దగ్గరే చూసుకోవచ్చు కదా అంటారు. ఇంటికి నర్సు వెళ్లి చూడటమే అన్నిటికన్నా మంచిదని మేమూ అంటాం, కేరళ చేసి చూపించింది కూడా అదే. కానీ ఎంతోమందిది మూడో అంతస్తులో ఒకే గది అద్దె ఇల్లు, లిఫ్టు లేదు, ఇద్దరూ పనికి పోతేనే పొయ్యి వెలుగుతుంది. ఇంట్లో మరణం జరిగితే యజమానులు ఒప్పుకోని సంగతి పట్టణాల్లో ఎవరికి తెలియదు? శవాన్ని గుమ్మం ఎక్కనివ్వక రోడ్డు పక్కనే టెంటు వేసుకున్న కుటుంబాల వార్తలు మీ పత్రికలోనూ వచ్చాయి. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు పాడుపెట్టాలన్న నమ్మకం ఒకటి. ఆ భయంతోనే ఊపిరి ఉండగానే మనిషిని ఐసీయూకు తరలించేవాళ్లున్నారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు లివింగ్ విల్‌కు చట్టబద్ధత ఇచ్చింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కు మనకుంది. వద్దన్నాక పడుకోవడానికి మంచం కూడా ఉండాలి కదా.

ఇక గది సంగతి. ప్లాను గీసేవాళ్లు నిలబడి చూస్తారు, తలుపులోంచి లోపలికి చూస్తారు. ఇక్కడ ఉండబోయే మనిషి మాత్రం పడుకుని పైకప్పు చూస్తాడు, కిటికీ చూస్తాడు, పక్కకు తిరిగితే గోడ చూస్తాడు. అందుకే కాగితం మీద ముందు మంచం గీసి, దాని చుట్టూ గది గీయమంటున్నాం.

పక్క పలకలతో కలిపి ఆసుపత్రి మంచం 2.2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉంటుంది. తలవైపు గోడ ఎటు ఉండాలన్నది ఇంజినీర్లు సాధారణంగా ఆలోచించరు, పైపులైను ఎటు దగ్గరైతే అటు పెట్టేస్తారు. మనవాళ్లు ఉత్తరానికి తల పెట్టి పడుకోరు. ఆక్సిజన్ ప్యానెల్ ఉత్తరం గోడకు బిగిస్తే, రోగిని చేర్చిన రోజే బంధువులు మంచాన్ని అటుదిటు తిప్పేస్తారు. ఆక్సిజన్ ట్యూబు, వైర్లు గదికి అడ్డంగా సాగుతాయి, రాత్రి నర్సు కాలికి తగులుతాయి. తల తూర్పుకు ఉంటే ఈ గొడవ ఉండదు. ముస్లిం రోగికి కూడా అది అనుకూలం: కాళ్లు పడమటికి ఉంటాయి కనుక తల కింద కాస్త ఎత్తు పెడితే ముఖం కిబ్లా, అంటే మక్కా, వైపే ఉంటుంది. కాబట్టి భవనం పొడవు తూర్పు పడమరలుగా, గదులు పక్కపక్కన వరసగా, ప్రతి గదిలో తలవైపు గోడ తూర్పున, తలుపు దక్షిణం వరండాలోకి, పెద్ద కిటికీ ఉత్తరం తోటలోకి. ఇలా గీస్తే పడమటి ఎండ కొస గది గోడకు తప్ప మరి దేనికీ తగలదు. రోహిణి కార్తెలో ఆ తేడా ఎంతో పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు మన అక్షాంశాల్లో నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వస్తాడు గనుక ఉత్తరం కిటికీకి కూడా 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ ఉండాలి.

గది లోపలి కొలత 4 మీటర్లు × 4.2 మీటర్లకు తగ్గకూడదు. ఎందుకంటే, తలుపు వైపు నుంచి లెక్కపెడితే నర్సు నిలబడి ఒళ్లు తుడవడానికి, స్ట్రెచర్ పక్కన ఆనించడానికి 1.2 మీటర్లు, మంచానికి మీటరు, అవతల ఖాళీ నేల 1.2 మీటర్లు, కిటికీ కింద ఇంటి మనిషి పడుకునే దివాను 75 సెంటీమీటర్లు. కాళ్ల వైపు వీల్‌ఛెయిర్ తిరగడానికి మీటరున్నర. ఆ 1.2 మీటర్ల ఖాళీ నేలను చూసి, ఇక్కడ ఇంకో మంచం పడుతుంది కదా అంటారు. దయచేసి వేయొద్దు. ఆఖరి గడియల్లో మనిషిని కింద దించి చాప మీద పడుకోబెట్టడం చాలా తెలుగు కుటుంబాలకు ముఖ్యం. నోట్లో తులసి తీర్థం పోయడానికి నలుగురూ చుట్టూ కూర్చోవాలి. ఆ చోటు లేకపోతే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, సందులో ఇరుక్కుని దించబోయి చేయి జారుతుంది. రెండోది, దించలేకపోయామన్న బాధ కొడుకును ఏళ్ల తరబడి వదలదు. మంచం కూడా నేలకు 35 సెంటీమీటర్ల దాకా కిందకు దిగే రకం కొంటే ఆ పని మరింత సులువవుతుంది, నిద్రలో దొర్లిపడితే తగిలే దెబ్బా తగ్గుతుంది.

కిటికీ గట్టు సాధారణంగా 90 సెంటీమీటర్లు కడతాం. వెల్లకిలా పడుకున్న మనిషి కన్ను నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే ఆ కిటికీలోంచి కనిపించేది ఆకాశం ముక్క, కేబుల్ వైర్లు, అంతే. గట్టు 45 నుంచి 60 సెంటీమీటర్లకు దించాలి. అప్పుడు చెట్టు మొదలు, దాని కింద నడిచే మనుషులు, గేటు లోపలికొచ్చే మనవడు కనిపిస్తారు. గ్రిల్లు అడ్డ కడ్డీలతో వేస్తే సరిగ్గా కంటికి అడ్డంగా ఒక కడ్డీ వస్తుంది కనుక నిలువు కడ్డీలు పెట్టాలి. జరిపే అద్దాల కిటికీ చౌక, కానీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, లోపలి వైపు దోమల మెష్ విడిగా బిగించుకోవచ్చు. చెట్టు కనిపించడం అలంకారం కాదు. పరిశోధకుడు రోజర్ అల్రిక్ 1984లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో అందరికీ తెలిసినదే. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవారిలో 23 మందికి కిటికీలోంచి చెట్లు, 23 మందికి ఇటుక గోడ కనిపించేవి. చెట్లు కనిపించినవారు బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు, త్వరగా ఇంటికి వెళ్లారు. మనకైతే వేప, కానుగ చాలు, త్వరగా పెరుగుతాయి, చల్లగా ఉంటాయి. సంపెంగ, నైట్ క్వీన్ లాంటి ఘాటు వాసన పూలు మాత్రం కిటికీకి దూరంగా నాటండి. వికారంతో ఉన్నవాళ్లకు మంచి వాసన కూడా కడుపులో తిప్పుతుంది.

పైకప్పు మీద ఎవరి దృష్టీ పడదు. మంచానికి సూటిగా పైన ట్యూబ్‌లైటు పెడతారు, దాని కింద ఫ్యాను. రెక్కల మీదుగా వెలుతురు పడి గదంతా నీడలు తిరుగుతుంటాయి. మందుల వల్లో జబ్బు ముదిరో మనసు కలతపడి తికమకలో ఉన్న మనిషికి ఆ నీడలు మనుషుల్లా కనిపిస్తాయి, వాంతి వచ్చేలా కూడా చేస్తాయి. లైట్లు గోడకు పెట్టి వెలుతురు పైకప్పు మీదికి కొట్టేలా చేయాలి, పసుపుపచ్చని వెచ్చని రంగు దీపాలు, కాంతి రంగు కొలతలో 2700 నుంచి 3000 కెల్విన్. డ్రెస్సింగ్ చేసేటప్పుడు కావలసిన తెల్లని లైటు విడిగా, చేత్తో తిప్పుకునేలా ఉండాలి. రాత్రికి మంచం నుంచి బాత్రూమ్ దాకా నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో చిన్న దీపాలు. చిల్లులున్న ఫాల్స్ సీలింగ్ పలకలు వద్దు, ఆ చుక్కలు పురుగుల్లా కదులుతున్నాయని భయపడే రోగులుంటారు. ఎదుటి గోడకు పెద్ద అంకెల గడియారం, తేదీ ఉంటే సాయంత్రాల్లో వచ్చే తికమక కొంత తగ్గుతుంది. సీలింగ్ ఫ్యానుతో పాటు మంచం కాళ్ల వైపు గోడకు తిరిగే ఫ్యాను ఒకటి తప్పనిసరి. ముఖానికి గాలి తగిలితే ఆయాసం తగ్గినట్టు అనిపిస్తుందని పరిశోధనల్లో తేలింది. దాని స్విచ్చు పడుకున్న మనిషి చేతికి అందాలి. తలుపు పక్కన స్విచ్ బోర్డులో పెడితే అది రోగిది కాదు, వచ్చినవాళ్లది.

నేల గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇక్కడి తప్పు నేరుగా నొప్పి అవుతుంది. క్యాన్సర్ ఎముకలకు పాకిన మనిషిని మంచంతో సహా తోసుకెళ్లేటప్పుడు చక్రం ఎక్కి దిగే ప్రతి అంచూ వెన్నులో పొడుస్తుంది. గడప, బాత్రూమ్ దగ్గర అంగుళం మెట్టు, వరండాలో పేవర్ రాళ్ల సందులు, రెండు బ్లాకుల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింటు మీద వేసిన అల్యూమినియం పట్టీ, లిఫ్టు గుమ్మంలో సందు. గడప లేకుండా మనకు మనసొప్పదు. నేలకు సమంగా పసుపు రంగు రాతి పట్టీ పరిచి కుంకుమ బొట్లు పెట్టుకోవచ్చు, చక్రానికి అడ్డురాదు. తప్పనిసరైన చోట కూడా ఎత్తు తేడా 12 మిల్లీమీటర్లు దాటకూడదు, అదీ ఏటవాలుగా చెక్కి ఉండాలి. మెరిసే విట్రిఫైడ్ టైల్స్ తడిస్తే జారతాయి, కిటికీ వెలుతురు వాటిలో పడి కంట్లో గుచ్చుకుంటుంది. నల్ల గ్రానైటు బద్దె నేలలో వేస్తే చూపు మసకబారిన వారికి గొయ్యిలా తోచి అక్కడ ఆగిపోతారు. పాలిష్ చేయని తాండూరు రాయి సందులు నిండేలా పరిస్తే చాలు. ర్యాంపుకు నియమాల్లో ఉన్న 1:12 వాలు వీల్‌ఛెయిర్‌కు సరిపోతుంది. మనిషి, సిలిండరు ఉన్న మంచాన్ని ఒక్క నర్సు ఆ వాలు మీద తోయలేదు, దిగేటప్పుడు ఆపలేదు కూడా. 1:20 కావాలి. 60 సెంటీమీటర్ల బేస్‌మెంటు ఎత్తుకు 7.2 మీటర్ల బదులు 12 మీటర్ల ర్యాంపు పడుతుంది. ప్లాను మొదట్లోనే ఆ చోటు వదలకపోతే తర్వాత దొరకదు. వీలైతే ఒక్క అంతస్తే కట్టండి. రెండో అంతస్తు తప్పదంటే లిఫ్టు లోపల 1.3 × 2.4 మీటర్లు ఉండాలి. పదమూడు మందిని మోసే మామూలు లిఫ్టులో మంచం పట్టదు.

బాత్రూమ్ కనీసం 2.1 × 2.4 మీటర్లు. తలుపు లోపలికి తెరుచుకుంటే, లోపల పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమవుతాడు. బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి, మీటరు దారి ఇవ్వాలి. కమోడ్‌కు ఒక పక్క గోడ ఉన్నా రెండో పక్క సాయం చేసే మనిషికి 90 సెంటీమీటర్లు వదలాలి. చక్రాల కమోడ్ కుర్చీ నేరుగా కమోడ్ మీదికి దూరాలి కనుక ఆ కుర్చీని ముందే కొని తెచ్చి, దాని కింద ఎత్తు కొలిచి, ఆ తర్వాతే కమోడ్ బిగించాలి. మేం చూసిన తప్పుల్లో తరచుగా కనిపించేది ఇదే: రెండూ విడివిడి టెండర్లలో వస్తాయి, ఒకదానిలో ఒకటి దూరదు, కుర్చీ మూలన పడుతుంది, రోగికి డైపర్ పడుతుంది. పట్టుకునే కడ్డీలకు ఇంకో ప్రమాదముంది. ఇప్పుడు గోడలన్నీ తేలికపాటి ఏఏసీ బ్లాకులతో కడుతున్నారు, వాటిలో మామూలు బోల్టు పట్టు నిలవదు. బరువంతా మోపిన రోజు కడ్డీ ఊడి చేతికి వస్తుంది. కడ్డీలు వచ్చే ఎత్తున గోడలో కాంక్రీటు బ్యాండు పోయించాలి. గీజరు నీళ్లు కుళాయి దగ్గర 42 డిగ్రీలు దాటకుండా మిక్సర్ బిగించాలి. కాళ్లలో స్పర్శ లేని మనిషికి చర్మం కాలినా తెలియదు. ఇంకొకటి: ఈ వరసలో ఒక గది బాత్రూమ్ పక్క గది తలవైపు గోడకు ఆనుకుని వస్తుంది. పైపులు ఆ గోడలో వేస్తే అర్ధరాత్రి ఫ్లష్ చప్పుడు పక్కవాళ్ల చెవిలోనే. పైపులు దక్షిణం గోడలో వేసి, ఈ గోడను 9 అంగుళాల ఇటుకతో కట్టాలి.

వాసన గురించి మాట్లాడటానికి అందరూ మొహమాటపడతారు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ పుండ్లు పగిలినప్పుడు వచ్చే వాసన వల్లే సొంతవాళ్లు దూరంగా కూర్చుంటారు, ఆ మనిషికి అది తెలుస్తూనే ఉంటుంది. మెట్రోనిడజోల్ మాత్ర పొడి పుండుపై చల్లడం మందు చేసే పని. భవనం చేయాల్సిన పని గాలి. ఉత్తరం కిటికీ, దక్షిణం వైపు పైన వెంటిలేటరు ఎదురెదురుగా ఉంటే గాలి దాటుతుంది. స్ప్లిట్ ఏసీ ఒక్కటే పెట్టి కిటికీలు మూసేస్తే అదే గాలి తిరిగి తిరిగి వాసన చిక్కబడుతుంది, ఎందుకంటే స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు. ఏసీ ఉన్న గదికి బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఎప్పుడూ తిరుగుతుండాలి, తలుపు కింద సెంటీమీటరు సందు ఉండాలి. అప్పుడు గాలి వరండా నుంచి గదిలోకి, గది నుంచి బాత్రూమ్‌లోకి పోతుంది గానీ వెనక్కి రాదు. గాలి దాటడానికి పెట్టిన వెంటిలేటరే చప్పుడునూ దాటిస్తుంది. కాబట్టి అది వరండా చివర బయటివైపుకు తెరుచుకోవాలి, పక్క గదిలోకి కాదు. గదుల మధ్య గోడలు ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆపకుండా స్లాబుకు ఆనేదాకా కట్టాలి. లేకపోతే ఒక గదిలో గురక, ఏడుపు రెండు గదులకూ వినిపిస్తాయి. రాత్రి వార్డులో 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వరండాలో మోగే కాలింగ్ బెల్లు బదులు నర్సు దగ్గర వెలిగే దీపం, నర్సు జేబులో కదిలే పేజరు ఉంటే ఆ లెక్కకు దగ్గరగా రావచ్చు.

ఆక్సిజన్, కరెంటు లెక్కలు ముందే వేసుకోవాలి. పెద్ద డి టైపు సిలిండరులో దాదాపు 7,000 లీటర్లుంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 58 గంటలు, 5 లీటర్ల చొప్పున 23 గంటలు. చిన్న బి టైపు 1,500 లీటర్లు, 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు. గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే యంత్రం, అయిదు లీటర్ల కాన్‌సన్‌ట్రేటర్, 350 వాట్ల దాకా లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ 150 ఏహెచ్ బ్యాటరీ మీద అది మూడు నాలుగు గంటలకు మించి నడవదు. గాలి పరుపు పంపు ఆగితే పరుపు చదునై పుండ్లు పడతాయి. అందుకే మంచం దగ్గర జనరేటరు లైను మీద నాలుగు ప్లగ్గులు, మామూలు లైను మీద నాలుగు ఉండాలి, నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తున, రంగు తేడాతో. మంచం కింద ఎక్స్‌టెన్షన్ బాక్సు కనిపించిందంటే ప్లగ్గులు చాలలేదని అర్థం. సిలిండర్ల గది బయట, నీడలో, గొలుసులతో, వాహనం దగ్గరదాకా వచ్చేలా ఉండాలి.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మత్తుమందు మార్ఫిన్ లేకుండా ఈ భవనానికి అర్థం లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల దశాబ్దాల పాటు ఆ మాత్ర రోగులకు అందలేదు, 2014 సవరణ తర్వాత గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని ఉంచుకోవచ్చు. రెండు తాళాల బీరువా గోడలో బిగించి, వరండాలో తిరిగేవారికి కనిపించని, నర్సు కూర్చునే చోటి నుంచి మాత్రం కనిపించే మూలలో ఉండాలి. దాని ముందు రిజిస్టరు రాయడానికి బల్ల, వెలుతురు కావాలి. దూరంగా ఆఫీసు గదిలో పెడితే, అర్ధరాత్రి నొప్పితో మెలికలు తిరిగే మనిషి తాళం చెవి కోసం ఎదురుచూడాలి. నర్సు కూర్చునే చోటు వరస మధ్యలో ఉండాలి, అటు మూడు గదులు, ఇటు మూడు. చివరి తలుపు 20 మీటర్లు దాటకూడదు. నర్సులకు కిటికీ ఉన్న చిన్న గది ఒకటి విడిగా ఇవ్వండి. ఒకే వారంలో నలుగురు వెళ్లిపోయిన తర్వాత పది నిమిషాలు తలుపు వేసుకుని కూర్చోవడానికి వాళ్లకు చోటుండాలి.

వంటగది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇంటివాళ్లు తెచ్చిన పప్పుచారు వేడిచేసి రెండు చెంచాలు తినిపించడం ఆ కుటుంబానికి ఆ రోజంతటిలో అతి పెద్ద పని. రెండు పొయ్యిలు, ఫ్రిజ్జు, గట్టు చాలు. పోపు వాసన గదుల్లోకి రాకూడదు. మనకు ఏడాదిలో ఎక్కువ కాలం గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది కనుక వంటగదిని తూర్పు కొసకు పెట్టాలి. ఆగ్నేయం అనుకుంటే వాస్తు చూసే దాతలకూ సమ్మతమే.

మరణం జరిగాక ఏం జరుగుతుందో ప్లానులో సాధారణంగా ఉండదు. తలాపున దీపం వెలిగించాలి, సాంబ్రాణి వేయాలి. ఆక్సిజన్ వాడిన గదిలో, దుప్పట్లలో ఇంకా ఆ వాయువు నిలిచి ఉండగా నిప్పు వెలిగించడం ప్రమాదం. వాల్వు మూసి, కిటికీలు తెరిచి, దుప్పట్లు మార్చి, కనీసం ఇరవై నిమిషాలు ఆగాలి. దుఃఖంలో ఉన్నవాళ్లు అంతసేపు ఆగరు. అందుకని ఆక్సిజన్ లైను లేని వీడ్కోలు గది వేరే ఉండాలి, 5 × 6 మీటర్లు, పాతికమంది కింద కూర్చునేలా, గోడలో దీపం గూడుతో. పొగకు మోగే అలారం బదులు వేడికి మోగేది బిగించాలి. బిగ్గరగా ఏడవడం మన దుఃఖానికి భాష, దాన్ని హుష్ అని ఆపించే భవనం కట్టకూడదు. అందుకే ఈ గదికి మందపాటి గోడలు, రెండు తలుపులు. దాన్నానుకుని స్నానం చేయించే గది: 2.1 × 0.75 మీటర్ల రాతి అరుగు, నడుము ఎత్తున, కాళ్ల వైపుకు వాలుగా, చేతి షవరుతో, చుట్టూ నలుగురు నిలబడే చోటుతో. ముస్లింలు గుసుల్ ఇవ్వడానికీ ఇదే పనికొస్తుంది, తెర ఒకటి ఉండాలి. ఫ్రీజర్ బాక్సుకు ప్లగ్గు, దూరం నుంచి రావలసిన పిల్లల కోసం. అమెరికా నుంచి కూతురు వచ్చేసరికి రెండు రోజులు పట్టవచ్చు.

మనిషిని బయటికి తీసుకెళ్లే దారి గురించి మాలో మాకే కొంత చర్చ ఉంది. మిగతా రోగులు చూస్తే భయపడతారని వెనుక నుంచి, చెత్త బండ్లు నిలిచే చోటు మీదుగా పంపడం ఆసుపత్రుల అలవాటు. మేం దానికి ఒప్పుకోం. పక్క గదిలో మనిషి ఏమయ్యాడో అందరికీ తెలుస్తుంది, దాచడం వల్ల రేపు తననూ ఇలాగే దాచి పంపుతారన్న భయమే మిగులుతుంది. అలాగని టిఫిన్లు తినే హాలు మధ్యలోంచీ వద్దు. వీడ్కోలు గది నుంచి నేరుగా తోటలోకి తలుపు, అక్కడికి వాహనం వచ్చే దారి, 3 మీటర్ల ఎత్తు ఖాళీ, వానలో తడవకుండా పైకప్పు. లోపలికి వచ్చిన గేటు నుంచే బయటికి.

రెండు రాష్ట్రాల వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థలకు మా విన్నపం ఇది. పాత వార్డులకు రంగులు వేసే టెండర్లు పిలిచే ముందు ఆరు గదుల ఈ వరసకు ఒక నమూనా ప్లాను తయారుచేయించండి. గీసేటప్పుడు పాలియేటివ్ నర్సును, ఫిజియోథెరపిస్టును, ఇంటి మనిషిని మంచాన చూసుకున్న ఒక కుటుంబాన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. స్లాబు పడకముందే అదే స్థలంలో ఇటుకలు పేర్చి, సున్నం గీతలతో ఒక గది గీసి, నిజమైన మంచం పెట్టి తోసి చూడండి. కట్టడం పూర్తయ్యాక కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు ఇచ్చే ముందు, సంతకం పెట్టే ఇంజినీరు ఆ మంచం మీద మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు ఒక గంట, రాత్రి ఒంటిగంటకు ఒక గంట వెల్లకిలా పడుకోవాలి. లేవకుండా ఫ్యాను వేసుకోగలరా, నర్సును పిలవగలరా, చెట్టు కనిపిస్తోందా, పక్క గది ఫ్లష్ వినిపిస్తోందా అన్నవి రాసి సంతకం పెట్టాలి. మంచాన్ని గది నుంచి వరండా, తోట, వీడ్కోలు గది దాకా నీళ్లు నిండిన గ్లాసు పరుపు మీద పెట్టి తోయించాలి. ఎక్కడ నీళ్లు చిందాయో అక్కడ నేలను మళ్లీ చెక్కించి, ఆ తర్వాతే తాళాలు తీసుకోవాలి.

ఇట్లు,
పాలియేటివ్ కేర్ వైద్యులు, నర్సులు, ఆర్కిటెక్టుల బృందం,
హైదరాబాద్